తక్‌పట్టీ వెనకాల తెల్ల కాగితం

సోమవారం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి దండిగా వచ్చింది. కాంటాలయ్యి రైతులు తక్‌పట్టీల (తూకం, ధర, మొత్తం రాసిచ్చే చీటీల) కోసం నిలబడ్డ వేళ, అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో పట్టీకొక తెల్ల కాగితం అదనంగా వస్తోంది. ప్రింటర్ కొత్తది. "ఇదే ఖరాబున్నట్టుంది సార్, వాపస్ ఇద్దాం" అన్నాడు గుమాస్తా. ప్రింటర్ పాపం ఏమీ లేదు. పట్టీలు తీసే డేటాబేస్ ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ముందే హెచ్చరించింది: సెక్షన్ వెడల్పు పేజీ వెడల్పును మించింది, కొన్ని పేజీలు ఖాళీగా రావచ్చు అని. ఆ బాక్సును చదవకుండా ఓకే కొట్టడం అందరికీ అలవాటే.

లెక్క చిన్నది. రిపోర్ట్ (యాక్సెస్‌లో పట్టీ అచ్చు నమూనా) వెడల్పు 20.32 సెంటీమీటర్లు, రెండు పక్కల మార్జిన్లు 0.635 చొప్పున, మొత్తం 21.59. లెటర్ సైజు కాగితం వెడల్పు సరిగ్గా అంతే. పాత ప్రింటర్ సెట్టింగ్ లెటర్, కొత్తదానిది ఏ4, అంటే 21. కాగితం దాటిన 0.59 సెంటీమీటర్ల మేర అక్షరం లేకపోయినా యాక్సెస్ దాన్ని రెండో పేజీగానే లెక్కేస్తుంది. కాబట్టి ఇదే మార్జిన్లతో రిపోర్ట్ 19.73 దాటకూడదు, 19.5 పెడితే నిశ్చింత. మార్జిన్లు ఇంకా తగ్గిద్దామంటే లేజర్ ప్రింటర్ అంచుల్లో అచ్చు వేయదు.

డిజైన్ వ్యూలో ప్రాపర్టీ షీట్ తెరిచి విడ్త్ దగ్గర 19.5 కొడితే, చాలాసార్లు అది మళ్లీ పాత అంకెకే పోతుంది. కుడి చివర ఏదో కంట్రోల్ (రిపోర్ట్‌లో పెట్టిన గడి, గీత లాంటిది) అడ్డం ఉందన్నమాట. ఎక్కువగా పేజ్ హెడర్ కింది సన్నగీత, లేదంటే ఫుటర్‌లోని పేజీ నంబర్. పై రూలర్ మీద కుడి చివర నొక్కితే ఆ నిలువు వరుసలో ఉన్నవన్నీ ఎంపికవుతాయి. ఒక్కోదాని లెఫ్ట్ (ఎడమ అంచు నుంచి దూరం), విడ్త్ కూడితే 19.5 లోపు రావాలి. తర్వాత పేజ్ సెటప్‌లో ఏ4 ఎంచుకుని, డిఫాల్ట్ ప్రింటర్ పెట్టి సేవ్ చేయాలి. ఫలానా ప్రింటర్ అని కట్టేస్తే, అది మారిన రోజు మళ్లీ ఇదే లొల్లి.

చివర్లో మాత్రమే ఒక ఖాళీ పేజీ వస్తే కారణం వేరు. గ్రూప్ ఫుటర్‌లో (ఒక్కో గుంపు చివరి భాగంలో) ఫోర్స్ న్యూ పేజ్ "ఆఫ్టర్ సెక్షన్", అంటే ఆ భాగం కాగానే కొత్త పేజీ, అని ఉండి, కింద ఉత్త రిపోర్ట్ ఫుటర్ మిగిలి ఉంటుంది. దాని ఎత్తు సున్నా చేస్తే పోతుంది.

వెడల్పు ఎక్కడ కోయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. రైతు పేరు, ఊరు ఉన్న గడిని తగ్గించి, క్యాన్ గ్రో "యెస్" పెడితే పేరు రెండో వరుసలోకి దిగుతుంది. క్యాన్ గ్రో ఎత్తునే పెంచుతుంది, వెడల్పును కాదు. తూకం, ధర, మొత్తం గడులను ముట్టుకోవద్దు. అంకె పట్టకపోతే సగమే అచ్చవుతుంది. లక్షా ఇరవై వేలు కాస్తా ఇరవై వేలుగా కనబడితే మార్కెట్‌లో పంచాయితీ పెట్టాల్సిందే. కరెంట్ డేటాబేస్ ఆప్షన్లలో కత్తిరింపు అంకెల తనిఖీకి (Check for truncated number fields) టిక్కు పెడితే, చోటు చాలని గడిలో అంకెకు బదులు ##### పడుతుంది. అదే నయం, కనీసం తప్పు కనబడుతుంది.