మీ గొంతు ఇలా ఉండేది కాదే

మా ఫ్యామిలీ డాక్టరుగారు రిటైరయ్యాక ఆ కుర్చీ పది నెలలు ఖాళీగానే ఉంది. ప్రకటనలిచ్చారు, ఒకరిద్దరు వచ్చి చూసి వెళ్లిపోయారు. పొద్దంతా ఒక్కరే చూడాలి, సాయంత్రం కాగితాల పని, సందేహమొస్తే అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. ఎవరు మాత్రం నిలుస్తారు? నా జబ్బు ముదిరింది సరిగ్గా ఆ పది నెలల్లోనే.

మొదట అలసట. తర్వాత వేళ్ల తిమ్మిరి, మలబద్ధకం. అందరూ ఫ్యాన్ వేసుకుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. తాత్కాలికంగా వచ్చే డాక్టర్లకు ప్రతిసారీ కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. విసుగొచ్చి ఏ బాధకు ఆ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాను. తిమ్మిరికి మణికట్టు పట్టీ, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్ర. అది మొదలెట్టాక తొడల నొప్పులు ఎక్కువయ్యాయి. వాళ్లను తప్పుపట్టను, ఎవరి వంతు వాళ్లు బాగానే చూశారు.

చివరికి జనరల్ ప్రాక్టీసులో శిక్షణ పూర్తయిన ఒక డాక్టరమ్మ చేరారు. పాత డాక్టరుగారు కొన్నాళ్లపాటు వారానికి రెండు రోజులు తోడుగా కూర్చుంటేనే వస్తానన్నారట. తెలివైన షరతు.

నేను వెళ్లిన రోజు ఆయన మూల కుర్చీలో ఉన్నారు. రెండు మాటలు మాట్లాడానో లేదో తలెత్తి, "మీ గొంతు ఇలా ఉండేది కాదే" అన్నారు. బొంగురుపోయిందని ఇంట్లోవాళ్లకే తెలియలేదు, రోజూ వింటారు కదా.

డాక్టరమ్మ నన్ను కుర్చీలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మడమ పైన చిన్న సుత్తితో తట్టారు. పాదం చటుక్కున కదిలింది కానీ వెనక్కి రావడానికి బద్ధకించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పని చేయమని తరిమే హార్మోన్, 48. మామూలుగా 4 చుట్టుపక్కలే ఆగాలి. గ్రంథి బద్ధకిస్తే అది పెరుగుతుంది. నా థైరాయిడ్ మందగించింది.

స్టాటిన్ ఆపించి, పరగడుపున లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర వేసుకోమన్నారు. ఆరు వారాల తర్వాత చూస్తే టీఎస్‌హెచ్ పెద్దగా దిగలేదు. డోసు పెంచుతారనుకున్నా. "ఇంట్లో వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి" అన్నారు. తీరా చూస్తే, నేను దాంతోపాటే కాల్షియం మాత్ర కూడా మింగేస్తున్నా! కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇది తేలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఐదు నిమిషాలకో పేషెంటును పంపించే చోట ఆ సంచి విప్పే తీరిక ఎవరికుంటుంది?

మరో రెండు నెలలకు తిమ్మిరి పోయింది, కొలెస్ట్రాల్ దానంతటదే దిగింది. కోలుకుంటూ చదివాను: నార్వేలో దాదాపు 45 లక్షల మంది రికార్డులు చూస్తే, 15 ఏళ్లకు పైగా ఒకే డాక్టరు దగ్గరున్నవాళ్లలో మరణాలు, ఏడాదే ఉన్నవాళ్లకంటే దాదాపు నాలుగో వంతు తక్కువట. నాకు ఆశ్చర్యమనిపించలేదు.

మొన్న వెళ్తే మూల కుర్చీ ఖాళీ. ఆయన ఇప్పుడు ఫోన్లోనే సలహాలిస్తున్నారట. డాక్టరమ్మ ఫైలు తెరవకుండానే అడిగారు: "కాల్షియం రాత్రికి మార్చారు కదా?"