జీతంలో కోత

ఈరోజు పేరోల్ పనిలో సగం పొద్దు ఒక్క కవరుకే పోయింది. హాస్పిటల్ బాకీ మీద తీర్పైపోయిందట, ఉద్యోగి జీతంలోంచి పట్టి కోర్టుకు కట్టమని గార్నిష్‌మెంట్ సమన్లు. కాస్త ఆపండి అని ఆ ఉద్యోగి అడగడం సహజమే, కానీ ఆపడం మా చేతిలో లేదు. ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో 45 రోజుల్లోగా యజమాని జవాబు దాఖలు చెయ్యకపోతే ఆ బాకీ కంపెనీ మెడకే చుట్టుకుంటుంది.

కోతలేవీ లేకుండా రెండు వారాల జీతం (గ్రాస్) 1,400 డాలర్లు. టాక్సులు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 240 పోతే మిగిలింది 1,160. కోత లెక్క దీని మీదే. ఇన్సూరెన్స్ ప్రీమియం, 401కె రిటైర్మెంట్ పొదుపు ముందే తీసెయ్యడానికి వీల్లేదు, చాలామంది గుండె ఝల్లుమనేది అక్కడే. ఫెడరల్ చట్టం ప్రకారం ఇందులో 25 శాతం గానీ, వారానికి 217.50 (కనీస వేతనం 7.25కి 30 రెట్లు) దాటిన మొత్తం గానీ, ఏది తక్కువైతే అదే పట్టాలి. రెండు వారాలకు ఆ హద్దు 435. పావు వంతు 290, హద్దు దాటింది 725. కాబట్టి 290.

తప్పులు జరిగేది చిన్న జీతాల దగ్గర. పార్ట్‌టైమ్ మనిషికి రెండు వారాలకు 500 మిగిలితే పట్టాల్సింది 65 మాత్రమే. సాఫ్ట్‌వేర్‌లో హద్దు 435కి బదులు వారం లెక్క 217.50 అనే ఉండిపోతే 125 పోతుంది. అరవై డాలర్లంటే ఆ ఇంట్లో వారం సరుకులు. పే స్టబ్ (జీతం చీటీ) పట్టుకుని ఈ తీసివేత ఎవరికి వారు చేసి చూసుకోవాలి. తేడా వస్తే పేరోల్‌కు చెప్పాలి, నోటీసుతో వచ్చే డిఫెండెంట్స్ క్లెయిమ్ ఫారం (కోత మీద బాకీదారు అభ్యంతరం చెప్పే కాగితం) నింపి కోర్టులో ఇవ్వాలి. ఇచ్చిన 10 రోజుల్లోపు విచారణ పెడతారు.

బాధేమిటంటే, వ్యవహారం ఇంత దూరం రాకుండా ఆపే దారులు ముందే ఉన్నాయి. దావా సమన్లకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఏకపక్షంగా తీర్పు వచ్చేస్తుంది. లాభాపేక్ష లేని హాస్పిటళ్లకు ఆర్థిక సాయం పాలసీ ఉండి తీరాలి. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు నుంచి 120 రోజుల దాకా దావా వెయ్యకూడదు, సాయానికి దరఖాస్తు 240 రోజుల దాకా తీసుకోవాలి. అంటే కోత మొదలయ్యాక కూడా ఆ గడువు మిగిలి ఉండొచ్చు! ఆలోగా పూర్తి దరఖాస్తు అందితే వసూళ్లు ఆపాలి, అర్హత తేలితే కోతను కూడా వెనక్కి తీసుకోవాలి.

మనవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సింది ఒకటుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎమర్జెన్సీలో చేర్చే కంగారులో పిల్లలు గ్యారంటర్ గడిలో సంతకం పెట్టేస్తుంటారు. ఆ సంతకంతో బాకీ వాళ్లదవుతుంది, కోత వాళ్ల జీతానికే వస్తుంది. చికిత్సకు సమ్మతి కాగితం వేరు, డబ్బు పూచీ కాగితం వేరు. పెన్ను పెట్టేముందు ఆ పేరా చదవండి.