జ్వరం దిగాకే అసలు గండం

మా పర్లాకిమిడిలో వానలు పడ్డాయంటే ఇంటికొకరు జ్వరంతో పడుకుంటారు. అందుకే నాకు డెంగీ అని తేలినా ఎవరూ అంతగా కంగారుపడలేదు. కళ్ల వెనక పోటు, ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పులు. పారాసెటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా వేసుకోవద్దన్నారు డాక్టరు గారు, రక్తస్రావం అవుతుందని.

జ్వరం దిగిన ఉదయం "ఇంకేం, ఇంటికెళ్లిపోదాం వదినా" అంటూ మా ఆడపడుచు సంచి సర్దేసింది. ఆ మధ్యాహ్నమే కడుపునొప్పి, ఆగకుండా వాంతులు, అరికాళ్లు చల్లబడ్డాయి. వచ్చినవాళ్లంతా ప్లేట్‌లెట్లు ఎన్నని అడుగుతుంటే, డాక్టరు గారు మాత్రం పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, చూస్తున్నారు. 37 ఉన్నది 46 అయింది. రక్తంలోని ప్లాస్మా నాళాల్లోంచి బయటికి కారిపోయి, మిగిలింది చిక్కబడుతోందన్నమాట. రాత్రంతా నర్సు మూత్రం కొలిచి రాసుకోవడం, దాన్నిబట్టి సెలైన్ చుక్కలు పెంచడం, తగ్గించడం.

జువాలజీ చదివినదాన్ని, కోలుకున్నాక ఊరుకోలేక చదివాను. డెంగీ వైరస్ దూరేది మనల్ని కాపాడాల్సిన కణాల్లోకే. అలాంటి డెండ్రైటిక్ కణాల మీద డీసీ-సైన్ అనే గ్రాహకం దానికి పట్టు దొరికే చోటు. క్రిముల్ని మింగేసే మాక్రోఫేజ్ కణాల మీద క్లెక్‌5ఏ అనే ఇంకో గ్రాహకం ఉంటుంది. వైరస్ దానికి తగలగానే కణం లోపలికి సంకేతం వెళ్లి టీఎన్‌ఎఫ్ లాంటి సైటోకైన్లు, అంటే వాపు పుట్టించే సంకేత ప్రోటీన్లు, విడుదలవుతాయి. అవి మితిమీరితే రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా కారుతుంది. 2008లో తైవాన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఆ గ్రాహకాన్ని యాంటీబాడీతో అడ్డుకున్నారు. కారడం తగ్గింది, చావులూ తగ్గాయి. వైరస్‌తో పోరాడే ఇంటర్‌ఫెరాన్ మాత్రం తగ్గలేదు. నన్ను బాగా కదిలించింది ఈ మాటే. అలాంటి మందు మన ఆసుపత్రుల్లోకి ఇంకా రాలేదు. నన్ను బతికించింది సెలైను, రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న ఆ నర్సు.

పీసీవీ దిగాక ఒళ్లంతా దురద, విపరీతమైన ఆకలి. నీరసం మాత్రం సంక్రాంతి దాకా వదల్లేదు. జ్వరం మొదట్లోనే నా రక్తంలో ఐజీజీ అనే, పాత ఇన్‌ఫెక్షన్‌కు గుర్తుగా మిగిలే యాంటీబాడీ కనిపించింది, అంటే డెంగీ నాకు ఇంతకుముందే ఒకసారి వచ్చి ఉంటుందన్నారు. వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. పాత రకానికి తయారైన యాంటీబాడీలు కొత్త రకాన్ని చంపలేక, అతుక్కుని కణాల్లోకి చేరవేస్తాయట. అందుకే రెండోసారి ముదిరే ప్రమాదం ఎక్కువట. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగలే కాబట్టి ఇప్పుడు మధ్యాహ్నం కునుకు తీసినా దోమతెర కట్టుకుంటున్నాను.