సగం పేరున్న మాత్రలు

టేబుల్ మీద ఐదు మాత్రల ముక్క ఒకటి పడుంది. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. ఎవరి మీద మండుతోందో తేలక ఇలా ఫోన్ పట్టుకుని కూర్చున్నా.

సంగతి చాలా చిన్నది. డాక్టరమ్మ నాన్నకి బీపీ మాత్ర పదిహేను రోజులకి రాసింది. స్ట్రిప్పుకి పది ఉంటాయి. రెండూ ఇచ్చెయ్యమని నేను నోరు తెరిచేలోపే కౌంటర్లో అబ్బాయి కత్తెర తీసి కసుక్కున కోసేశాడు. పైగా నిండు స్ట్రిప్పు ఒక కంపెనీది, ఆ సగం ముక్క ఇంకో కంపెనీది. "అదే మందు ఆంటీ, కంపెనీ వేరే అంతే" అన్నాడు. ఆంటీ అన్నందుకు కాదు నా కోపం. (కొంచెం దానికి కూడా.)

ఇంటికొచ్చి నాన్న చేతిలో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని, ట్యూబ్‌లైట్ కిందకెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఆ ముక్క మీద మిగిలింది "సార్టాన్ 40" అని మాత్రమే. ముందున్న అక్షరాలు అవతలి ముక్కతో పోయాయి. బ్యాచ్ నంబరు లేదు, ఎక్స్‌పైరీ లేదు. క్యూఆర్ కోడ్ మాత్రం సగం ఉంది. బాగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మందుల మీద 2023 ఆగస్టు నుంచి ఆ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఎవరు తయారుచేశారో అన్నీ వస్తాయని ఆ మధ్య నాన్నకి నేనే గొప్పగా చూపించాను. సగం కోడ్‌ని ఏ ఫోను చదువుతుంది?

"టెల్మీనా, ఓల్మీనా?" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"టెల్మిసార్టాన్‌లోనూ నలభై ఉంది, ఓల్మెసార్టాన్‌లోనూ నలభై ఉంది. ఇదేది?"

బిల్లు చూసుకో, అందులో ఉంటుందిగా అన్నాను. "బిల్లులో వాడు ఏం రాశాడో ఉంటుంది. ఏం కోశాడో ఉండదు" అన్నాడు. షాపుకి ఫోన్ చేస్తే కోసిన మాత్రలు వెనక్కి తీసుకోం అన్నారు. కోసింది మీరే కదండీ అంటే, మేడమ్ రూల్ అంతే అన్నారు. మా ఆయనేమో పక్కనుంచి "ఐదు మాత్రలకి ఇంత రాద్ధాంతమా, పారేసి వేరేవి కొనుక్కో" అని తీర్పు చెప్పి టీవీ వైపు తిరిగారు. ఈ ఇంట్లో తీర్పులు చెప్పేవాళ్ళకి కొదవ లేదు, షాపుకి వెళ్ళేవాళ్ళే తక్కువ.

నాన్న సంగతి చెప్పాలి. ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ మనిషి. ల్యాబ్‌లో చేశాడు. 1961లో ఆ కంపెనీ పెట్టి, సోవియట్ వాళ్ళ సాయంతో రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ ప్లాంటు, ఇక్కడ మన బాలానగర్‌లో సింథటిక్ మందుల ప్లాంటు కట్టారు. డాక్టర్ అంజిరెడ్డి గారు సొంత కంపెనీ పెట్టకముందు అక్కడే పనిచేశారని, 1984లో రెడ్డీస్ మొదలుపెట్టారని మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తాడు. ఆ కంపెనీ పెట్టడానికి తనే చేబదులు ఇచ్చినట్టుంటుంది ఆ చెప్పే తీరు. ఐడీపీఎల్ మూతపడి ఎన్నేళ్ళైనా నాన్న ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. ఫ్రిజ్‌లో పచ్చడి సీసా మీద కూడా తేదీ రాసిన ప్లాస్టర్ ముక్క ఉంటుంది.

ల్యాబ్‌లో వాళ్ళకో నియమం ఉండేదట. లేబుల్ లేని సీసా కనిపిస్తే ఊహించకూడదు, వాసన చూడకూడదు, పక్కవాణ్ణి అడక్కూడదు. పక్కన పడెయ్యడమే. ఆ నియమం మా ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో నాకు బాగా గుర్తు. నాయనమ్మ వల్ల.

నాయనమ్మకి ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. మూత మీద రాజహంసల బొమ్మ. అందులో బిస్కెట్లు నేనెప్పుడూ చూడలేదు, అన్నీ మాత్రలే. కాగితంలోంచి తీసేసి విడిగా పోసేది. ఆవిడకి చదువు రాదు కాబట్టి రంగులే పేర్లు. ఎర్రది పొద్దున, పసుపుది మోకాళ్ళకి, చిన్న తెల్లది రాత్రి, పెద్ద తెల్లది "ఎప్పుడైనా గాబరాగా ఉంటే". పొరుగింటావిడ పోతూ పోతూ మిగిల్చిన మాత్రలు కూడా ఆ డబ్బాలోకే చేరాయి. డబ్బులు పెట్టి కొన్నవి పారెయ్యడానికి ఆవిడకి చేతులు రావు. ఒక ఎండాకాలం ఆవిడ రోజంతా మత్తుగా పడుకుంటోంది. ఎండ దెబ్బ అన్నారు, వయసు అన్నారు, ఎవరో దిష్టి అన్నారు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా ఆ డబ్బాని పేపర్ మీద బోర్లించాడు. నేను పక్కన కూర్చున్నాను. భూతద్దం పెట్టి ఒక్కో మాత్ర మీద గీత, అక్షరం, అంచు చూసి కుప్పలుగా విడదీశాడు. తేలింది ఏమిటంటే రాత్రి మాత్ర కంపెనీ మారి కొంచెం పెద్దదై వచ్చింది. దాంతో అది "గాబరా" మాత్రలో కలిసిపోయింది. నాయనమ్మ కాస్త గాబరా పడ్డప్పుడల్లా నిద్రమాత్ర వేసుకుంటోంది. గాబరా తగ్గుతోందని సంతోషపడుతోంది కూడా!

ఆ రోజు నాన్న గుర్తుపట్టినవీ, పట్టనివీ అన్నీ కలిపి పారేశాడు. నాయనమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. డబ్బా మాత్రం దాచుకుంది, తర్వాత అందులో వక్కలు పోసుకుంది.

ఇప్పుడు అమెరికా నుంచి తమ్ముడు పంపిన మాత్రల డబ్బా సంగతి. ఆదివారం నుంచి శనివారం దాకా గళ్ళు, ఒక్కో రోజుకీ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. అక్కడ అమెరికాలో ముసలివాళ్ళందరూ ఇవే వాడతారట. నాన్న మూత తీసి, మూసి, "బాగుంది" అని నా చేతికిచ్చాడు. స్ట్రిప్పులోంచి తీసిన మాత్రకి పేరు ఎక్కడుంది, ఎక్స్‌పైరీ ఎక్కడుంది అని ప్రశ్న. తమ్ముడు వీడియో కాల్‌లో వాదించి వాదించి, "నాన్నకి చెప్పే ఓపిక నాకు లేదక్కా, నువ్వు చూస్కో" అన్నాడు. అందరూ చివరికి అనే మాట అదే కదా.

నేను తమ్ముడి పక్షమే. కాకపోతే నాన్న మాటలో పూర్తిగా పస లేదనీ అనలేను. కొన్ని మాత్రలకి తేమ తగలకూడదు. రక్తం గడ్డకట్టకుండా వాడే డాబిగాట్రాన్, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ లాంటివి వేసుకునే ముందు దాకా రేకులోనే ఉంచాలి. సరే, ఒక్కో మాత్రనీ రేకుతో సహా కోసి గళ్ళలో వేద్దామా అంటే అది ఇంకా ప్రమాదం. చూపు ఆనని పెద్దవాళ్ళు రేకుతో సహా మింగేసి, ఆ పదును అంచులు గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుని ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి.

అసలు నాన్న ఇంత పట్టుదలకి పోవడానికి పోయిన ఏడాది కాళ్ళ వాపులే కారణం అనుకుంటా. అప్పట్లో ఆమ్లోడిపిన్ వేసేవాడు. చీలమండలు వాచాయి. అది ఆ మందు మామూలుగా చేసే పనే. అప్పుడు చూపించిన డాక్టరు ఆ మాట చెప్పలేదు, వాపుకి నీళ్ళ మాత్ర (ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసేది) రాశాడు. నీళ్ళ మాత్రతో రాత్రుళ్ళు బాత్‌రూమ్‌కి లేవడం ఎక్కువైంది. ఒక రాత్రి లేచిన వాడు కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. గోడ ఉంది కాబట్టి సరిపోయింది. ఒక మందు చేసిన నిర్వాకానికి ఇంకో మందు, దాని నిర్వాకానికి మేమందరం. తర్వాత వెళ్ళిన పెద్ద డాక్టరమ్మ పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూసింది. పై అంకె ఇరవై కన్నా ఎక్కువే తగ్గిపోయింది. నీళ్ళ మాత్ర తీసేసి, ఆమ్లోడిపిన్ మార్చి, "ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచీలో వేసుకుని రండి, కంట్లో వేసుకునే చుక్కలతో సహా" అంది. చుక్కలు ఎందుకో నాకు అర్థం కాలేదు. గ్లాకోమాకి (నీటికాసుల జబ్బుకి) వేసే టిమోలాల్ చుక్కలు కంట్లోంచి ఒంట్లోకి చేరి గుండె వేగాన్ని తగ్గించగలవట, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆయాసం తెస్తాయట. కంట్లో వేసింది కంట్లోనే ఉంటుందనుకునే దాన్ని.

ఆవిడ చీటీలో రాసిన "సార్టాన్"కే ఇవాళ తల ఎగిరిపోయింది. అందుకని నాన్న మంకుపట్టుని అర్థం చేసుకోగలను.

ఇంత తిట్టాక ఒకటి గుర్తొస్తోంది. నాకన్నా ముందు లైన్లో ఒక తాత ఉన్నాడు. తలపాగా, చేతిలో మడతలు పడ్డ చీటీ. "నాల్గు దినాలకియ్యి బిడ్డా, పింఛను పడ్డంక మల్లొస్త" అన్నాడు. ఆ అబ్బాయి ఏమీ మాట్లాడకుండా మూడు రకాల స్ట్రిప్పులు తీసి, మూడింట్లోంచీ నాలుగేసి కోసి, చిల్లర కూడా సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు. కోయం, మొత్తం స్ట్రిప్పు కొనాల్సిందే అంటే ఆ తాత ఏం చేసేవాడు? మందు మానేసి వెళ్ళేవాడు. బీపీ, షుగర్ మాత్రలు బస్తీ దవాఖానాలో ఊరికే ఇస్తారు గానీ, అవి సాయంత్రానికి మూసేస్తారు, కూలికి వెళ్ళేవాళ్ళు, వాచ్‌మన్ పని చేసేవాళ్ళు ఆ వేళకి చేరలేరు. నాన్న పెన్షన్ మాత్రం ఏపాటిది? పీఎఫ్ వాళ్ళ 1995 పెన్షన్ స్కీమ్‌ది. కనీసం వెయ్యి రూపాయలు అని 2014లో పెట్టిన గీతకి కాస్త పైన. నేనిక్కడ లేకపోతే నాన్న కూడా ఆ లైన్లో నాలుగు రోజులకియ్యమని అడిగేవాడేమో.

కాబట్టి కత్తెర మీద కోపం తీసేస్తున్నా. కోసే తీరు మీద మాత్రం ఉంచుకుంటున్నా. బ్యాచ్, ఎక్స్‌పైరీ ఒక కొసనే అచ్చేస్తారు. అటు వైపు ముక్క షాపులో ఉంచుకుని ఇటు వైపుది మనకిస్తారు, ఎందుకంటే రేపు మిగిలింది అమ్మాలి కదా! పోనీ కవరు మీద పెన్నుతో మందు పేరు, ఎక్స్‌పైరీ రాసివ్వొచ్చు. "1-0-1" అని రాయడానికి చెయ్యి ఆడుతుంది, పేరు రాయడానికి ఆడదు. లేదా కంపెనీలే ప్రతి మాత్ర వెనకాలా పేరూ తేదీ వెయ్యొచ్చు. రేకు మీద వెండి రంగులో చీమ తలకాయంత అక్షరాలు వేసే బదులు, ఎనభై ఏళ్ళ కంటికి ఆనేలా వెయ్యొచ్చు. మందులు ఎక్కువగా కొనేది ఏ వయసు వాళ్ళో వాళ్ళకి తెలియదా?

సాయంత్రం నాన్న నా కొడుకు పాత నోట్‌బుక్ కవర్లు అడిగి తీసుకుని, కోసి, చిన్న చిన్న కవర్లు చేశాడు. ఒక్కో దాని మీద స్కెచ్ పెన్‌తో మందు పేరు, ఎన్ని ఎంజీ, బ్యాచ్, ఎక్స్‌పైరీ, కొన్న తేదీ. కింద మూల పొట్టి సంతకం! ఎవరు తనిఖీకి వస్తారో తెలియదు. చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ పని చేశాడు. ముద్దొచ్చింది, నిజం చెప్పొద్దూ. ఫోటో తీసి తమ్ముడికి పంపాను. "డబ్బా ఏమైంది?" అని జవాబు.

డబ్బా నా దగ్గరుంది. లవంగాలు, యాలకులు పోశాను.

కానీ ఆ డబ్బా ఖాళీ చెయ్యాల్సొస్తుందేమో. నిన్న రాత్రి మాత్ర వేసుకున్నావా అంటే "వేసుకున్నా" అన్నాడు, వెంటనే "వేసుకున్నాననే అనుకుంటా" అన్నాడు. స్ట్రిప్పులో లెక్కపెడితే ఒకటి ఎక్కువ తేలింది. లేబుల్ ఎంత చక్కగా రాసినా అది ఏం మందో చెప్తుంది గానీ, వేసుకున్నావో లేదో చెప్పదు. ఆ రెండో పనికి గళ్ళ డబ్బానే కావాలి. రాత్రి గడి నిండుగా ఉంటే వేసుకోలేదని నాకు గుమ్మంలోంచే కనిపిస్తుంది. ఆమాట ఎత్తితే "క్యాలెండర్ మీద టిక్కు పెడతాలే" అన్నాడు. టిక్కు పెట్టి మాత్ర మర్చిపోయే రకం అని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. పొద్దున మాత్రలు కవర్లలో, రాత్రివి డబ్బాలో అని బేరం పెట్టి చూస్తా. గళ్ళ మీద పేర్ల స్టిక్కర్లు అంటిస్తానంటే ఒప్పుకుంటాడేమో.

శనివారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. సంచీ సర్దుతూ నాన్న గదిలో కిటికీ దగ్గర చూస్తే హార్లిక్స్ సీసా ఒకటి. లోపల బూడిద రంగు పొడి.

"ఇదేంటి నాన్నా?"

"అది మందు కాదమ్మాయ్, చూర్ణం. పార్కులో రావుగారు ఇచ్చారు, మోకాళ్ళకి. అరచెంచా తేనెలో."

"దేంతో చేశారట?"

"అది అడగలేదు."

సీసాని నాలుగు వైపులా తిప్పి చూశాను. పేరు లేదు, తేదీ లేదు, బ్యాచ్ మాట దేవుడెరుగు. "మీ ల్యాబ్‌లో లేబుల్ లేని సీసాని ఏం చేసేవాళ్ళు నాన్నా?" అన్నాను.

"రావుగారు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు" అన్నాడు, అదే జవాబన్నట్టు.