శ్రమల దినాల్లో మా ఇంటి పళ్లెం

మావారి రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే హద్దు మీద ఉన్నట్టు, 6.5కు చేరితే మధుమేహం కిందే లెక్క. ఇప్పుడే మందు అక్కర్లేదని, బరువు తగ్గించి, నడక పెంచి, అన్నం తగ్గించి మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మని డాక్టరు గారు చెప్పారు. మూడు నెలలు ఎందుకంటే, ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అన్ని రోజులుగా దానికి పట్టిన చక్కెరనే ఈ పరీక్ష లెక్కగడుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే సరిపోతుందనుకునే మావారికి ఈ సంగతి ఏమంత నచ్చలేదు.

ఆ కాగితం చేతికొచ్చిన వారంలోనే భస్మ బుధవారం. ఈస్టరుకు ముందు ఉపవాసం, ప్రార్థనలతో గడిపే శ్రమల దినాలు మొదలవుతున్నాయి కాబట్టి డాక్టరు మాట, ప్రార్థన రెండూ ఒకే తాటి మీద నడిపించవచ్చని నాకు తోచింది. అయితే ఉపవాసాన్ని బరువు తగ్గే ఉపాయంగా మార్చడం నాకు ఇష్టం లేదు. దేవుని పేరు చెప్పి నడుము కొలత చూసుకోవడం ఏం భక్తి? అందుకే మొదటి రోజు కుటుంబ ప్రార్థన అయ్యాక ఇంట్లో అందరికీ చెప్పేశాను: ఉపవాసం ఎవరిష్టం వారిది, వంట మాత్రం నా ఇష్టం.

మాది కోరాపుట్ జిల్లా జయపురం. మావారి తాతగారు సాలూరు నుంచి ఘాటు ఎక్కి వచ్చి ఇక్కడ ఇనుప సామాన్ల దుకాణం పెట్టారు. అప్పటికి జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యాక మేము కదలకుండానే రాష్ట్రం మారిపోయాం. మా సంఘం మూలాలు 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీల దగ్గర ఉన్నాయి. గుడిలో ఒడియా, తెలుగు రెండూ వినిపిస్తాయి. ఇంట్లో ప్రార్థన మాత్రం తెలుగులోనే, అదీ అత్తయ్య గొంతులోనే.

భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా మొత్తం 46 రోజులు. ఆదివారాలు ప్రభువు లేచిన దినాలు కనుక వాటిని తీసేస్తే నలభై. మా ఇళ్లలో ఈ నలభై రోజులూ ఎలా గడుస్తాయో తెలిసినవారికి తెలుసు. పొద్దున టిఫిను మానేస్తాం. మధ్యాహ్నం ఆ లోటు కూడా కలుపుకుని అన్నం కలుపుతాం. సాయంత్రం గృహ కూడికలో పంచదార పాకంలాంటి టీ, మిక్చరు, సేమియా. ఆదివారం ఉపవాసం లేదు కాబట్టి మాంసం, ఆపైన మూడు గంటల నిద్ర. శ్రమల దినాలు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లను నేనెరుగుదును.

అందుకని టిఫిను మానలేదు, మధ్యాహ్నపు పళ్లెం మార్చాను. పళ్లెంలో సగం కూర, పావు పప్పో చేపో గుడ్డో, మిగిలిన పావులోనే అన్నం. ముందు కూర తిని, ఆ తర్వాత అన్నం ముట్టుకోవాలి. చెప్పడానికి రెండు వాక్యాలే. కానీ అన్నంలో కూర కలుపుకు తినే ఇంట్లో, అన్నం లేకుండా కూర ముందు పెడితే దాన్ని భోజనంగా ఎవరు ఒప్పుకుంటారు? మావారు కూరను చూసి, నన్ను చూసి, మళ్లీ కూరను చూశారు. “అన్నం వచ్చేలోగా ఇది తింటూ ఉండాలా?” అన్నారు. అవునన్నాను. అప్పటి నుంచి అన్నం గిన్నెను వంటింట్లోంచి ఆలస్యంగా తేవడం మొదలుపెట్టాను. ఉపన్యాసం కన్నా ఆ ఆలస్యమే బాగా పనిచేసింది.

రెండో మార్పు సామలు. ఇక్కడ సువాఁ అంటారు. కొండ ఊళ్ల ఆడవాళ్లు సంతకు తెస్తారు. కుందులిలో శుక్రవారం జరిగే సంతలో చోళ్లు (రాగులు), సామలు, అల్లం, పచ్చి పసుపు కుప్పలు పోసి ఉంటాయి. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక వీటికి పట్టణంలో కూడా గిరాకీ వచ్చింది. దంచిన సామలు దుకాణంలో దొరికే వాటిలా నున్నగా ఉండవు. రాళ్లుంటాయి, పొట్టు ఉంటుంది. ముందు చేటలో చెరిగితే పొట్టు పోతుంది. ఇసుక పోవాలంటే గాలించాలి. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పుతూ, గింజ నీళ్లతోపాటు రెండో గిన్నెలోకి జారేలా వంచాలి. ఇసుక అడుగున మిగిలిపోతుంది. నాలుగైదు సార్లు గిన్నె మార్చాక కూడా, చివరి గుప్పెడును ఆశపడి ఉంచుకోకుండా పారేయాలి. ఆ గుప్పెట్లోనే పంటికింది రాయి ఉంటుంది. అరగంట నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లతో వండితే పొడిపొడిగా వస్తుంది. అత్తయ్యకు ఈ గాలించడం బాగా వచ్చు. నా చేతిలోంచి గిన్నె లాక్కుని చేసి చూపించారు. అలా ఆవిడ చేతిపని కలిసింది కాబట్టే సామలన్నం ఆవిడ నోటికి రుచించిందని నా అనుమానం.

చోళ్ల సంగతి కూడా చెప్పాలి. రాగి జావ తాగితే షుగరు పారిపోతుందని మా సంఘంలో సగం మంది నమ్మకం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మంచి ఆహారమే. ఇక్కడి కొండ ప్రజలు పేజ్ అని తాగే అంబలి ఎండలో పనిచేసేవారికి ప్రాణం. కానీ మెత్తటి పిండిని పల్చగా కాచి పెద్ద గ్లాసుతో తాగితే, అందులోనూ బెల్లం వేస్తే, చక్కెర పెరగక ఏం చేస్తుంది? అది కూడా పిండిపదార్థమే. మేము బెల్లం మానేసి, మజ్జిగ కలిపి, చిన్న గ్లాసుతో సరిపెట్టాం.

అన్నిటికన్నా కష్టమైనవి గృహ కూడికలే. రోజుకొక ఇంట్లో ప్రార్థన, పాట, వాక్యం, చివర పళ్లెం. పెట్టింది తినకపోతే ఆ ఇల్లాలు నొచ్చుకుంటుంది. మావారు మొహమాటస్థుడు. “ఒక్క ఉండ తింటే ఏమవుతుంది?” అనేవారు. ఏమీ కాదు, కానీ వారంలో అయిదు ఇళ్లుంటే అయిదు ఉండలు. కూడికకు వెళ్లే ముందే ఇంట్లో గుప్పెడు వేరుశనగలు, మజ్జిగ పెట్టడం మొదలుపెట్టాను. ఆకలి లేనివాడికి మొహమాటం కూడా కాస్త తగ్గుతుంది. టీ మాత్రం పంచదార లేకుండా ఇమ్మని నేనే ముందుగా ఫోను చేసి చెప్పేదాన్ని. ఒకరిద్దరు మూతి ముడిచారు. ఎక్కువ మంది మాత్రం తమ ఇంట్లో కూడా ఒకరికి ఆ టీయే కావాలన్నారు.

మా ఇంటి వంతు వచ్చినప్పుడు శనగ గుగ్గిళ్లు, కీరా ముక్కలు, పలచటి మజ్జిగ పెట్టాను. కొబ్బరి కోరు, కరివేపాకు పోపు వేశాను కాబట్టి గుగ్గిళ్లు అయిపోయాయి. ఒక పెద్దావిడ మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “ఉపవాసం మీదా, మాదా?” అని అడిగి మరీ వెళ్లారు.

మట్టల ఆదివారం వెళ్లాక అసలు గొడవ వచ్చింది. అత్తయ్యకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది, మాత్ర వేసుకుంటారు. ఆ రకం మాత్ర వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు, ఒక్కోసారి స్పృహ తప్పడం. చెమటలు, వణుకు మొదలైతే, స్పృహలో ఉండగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించమని డాక్టరు గారు నేర్పారు. శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానం. ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టనని అత్తయ్య పట్టు. పెళ్లయిన నాటి నుంచి తప్పలేదట. మాత్ర కూడా మానేస్తే సరిపోతుంది కదా అన్నారు. సొంతంగా మాత్ర మానడం ఇంకో ప్రమాదమని నేనంటే, కోడలు విశ్వాసంలో బలహీనురాలని తేల్చేశారు.

నా వల్ల కాదని మా సంఘం పాస్టరు అయ్యగారిని ఇంటికి పిలిచాను. ఆయన వచ్చి ఉపవాసం మాటే ఎత్తలేదు. బైబిలు తీసి మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం అత్తయ్య చేతనే చదివించారు. బదరీ వృక్షం కింద చావు కోరుకుని పడుకున్న ఏలీయాను దూత తట్టి లేపి, తినమంటుంది. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెడుతుంది. ఆయన తిని మళ్లీ పడుకుంటే, మళ్లీ లేపి మళ్లీ తినమంటుంది. “చూశారా అమ్మా, ప్రవక్తకు దూత రెండుసార్లు వడ్డించింది” అన్నారు అయ్యగారు. అత్తయ్య కళ్లజోడు తీయకుండానే, “ఆ తర్వాత నలభై పగళ్లు, నలభై రాత్రులు ఆ భోజనం బలంతోనే నడిచాడని ఉంది కదండీ, మళ్లీ తిన్నట్టు లేదే!” అన్నారు. అయ్యగారు ఒక్క క్షణం తడుముకుని, “ఏలీయాకు షుగరు లేదమ్మా” అన్నారు. అత్తయ్య కూడా నవ్వేశారు. డాక్టరు చెప్పినట్టు పొద్దున తిని, మాత్ర వేసుకుని గుడికి రావడానికి ఒప్పుకున్నారు. బదులుగా ఈస్టరు దాకా టీవీ సీరియళ్లు మానేస్తానన్నారు. ఆ ఉపవాసం ఇంటిల్లిపాదికీ భారమైంది. రాత్రి ఎనిమిది దాటితే ఆవిడకు తోచేది కాదు, మా లోపాలన్నీ అప్పుడే గుర్తొచ్చేవి.

నడక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మావారు దుకాణం కట్టేసి వచ్చాక, రాత్రి భోజనం అవగానే జగన్నాథ సాగర్ వైపు పావుగంట నడిచేవాళ్లం. తిన్న వెంటనే ఆ కాస్త నడిచినా భోజనం తర్వాత పెరిగే చక్కెరకు కళ్లెం పడుతుంది. మిగతా నడక పొద్దున. కుక్కలున్న వీధి వదిలేసి వెళ్లడమే ఆ నడకలో మాకు పట్టిన అసలు నైపుణ్యం.

పెద్ద నడక ఈస్టరు తర్వాతి శనివారం. ప్రభువు లేచిన రోజునే ఇద్దరు శిష్యులు యెరూషలేము నుంచి ఎమ్మాయుకు నడిచారు. లూకా లెక్కలో అరవై స్టాడియాలు, అంటే సుమారు పదకొండు కిలోమీటర్లు. దారంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేమూ అలా నడుద్దామని మరో రెండు కుటుంబాలను కలుపుకుని దేవమాలికి బయల్దేరాం. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం, 1,672 మీటర్లు. ఇప్పుడు వాహనం దాదాపు పైదాకా వెళ్తుంది. మేము మాత్రం దిగువనే దిగిపోయాం. అత్తయ్య బండిలోనే పైకి వెళ్లి కాచుకుని ఉంటానన్నారు.

తెల్లవారుజామునే బయల్దేరడానికి కారణం ఉంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం దాటాక ఇక్కడ ఉరుములు, పిడుగులు మామూలు. దేవమాలి పైభాగం గడ్డి తప్ప చెట్టూ నీడా లేని బోడి కొండ. పిడుగు పడితే మనిషే అక్కడ ఎత్తయినవాడు. పదకొండు లోపు దిగిపోవాలన్నది మేము పెట్టుకున్న నియమం. నీళ్లు తలకు రెండు లీటర్లు, పొడుగు చేతుల చొక్కాలు, టోపీలు, సామల పులిహోర, ఉడికించిన గుడ్లు, కీరా. తిన్న చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక గోనెసంచి.

ఇప్ప పూలు రాలే కాలం. కింది ఊళ్ల దగ్గర ఆ తీపి వాసన దారి పొడవునా వస్తూనే ఉంది. పిల్లలు మొదట పరిగెత్తి, తర్వాత కూలబడి, తర్వాత సరైన నడకకు వచ్చారు. మావారు మలుపు మలుపుకూ ఆగి కొండలు చూస్తున్నట్టు నటించారు. ఊపిరి తీసుకుంటున్నారని నాకు తెలుసు, కానీ ఆయన ఆగిన ప్రతిచోటా చూడదగ్గ కొండ ఉన్న మాట కూడా నిజమే. పైన అత్తయ్య ప్లాస్కులో టీతో, “ఇంతసేపా? నేను కీర్తనలు నాలుగు చదివేశాను” అంటూ ఎదురొచ్చారు. అక్కడే గాలికి పుట ఎగిరిపోకుండా ఇద్దరు పట్టుకుంటే, పాప ఎమ్మాయు భాగం చదివింది. తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ఏకాంత స్థలానికి వచ్చి కాస్త అలసట తీర్చుకోమని ప్రభువు పిలిచిన మాట మార్కు ఆరో అధ్యాయంలో ఉంది. ఆదివారాలు కూడా దుకాణం లెక్కలు ముందేసుకునే మావారికి వినిపించాలని అది నేను చదివాను. ఆయన గుడ్డు పెచ్చు తీస్తున్నారు. విన్నారనే అనుకుంటాను.

మూడు నెలలయ్యాక పరీక్షలో 5.8 వచ్చింది. ఇంకా హద్దు దాటి బయటపడలేదు కానీ దిశ సరైందేనని డాక్టరు గారు అన్నారు. మళ్లీ మూడు నెలలకు రమ్మన్నారు. బరువు నాలుగు కిలోలు తగ్గింది. అత్తయ్య షుగరులో పెద్ద మార్పేమీ లేదు, మాత్ర మాత్రం వేళకు పడుతోంది. వానలు తగ్గాక దుడుమ జలపాతానికి వెళ్దామని పిల్లలు ఇప్పటి నుంచే అడుగుతున్నారు.

వచ్చే శ్రమల దినాల్లో గృహ కూడికలకు టీ, గుగ్గిళ్లు మాత్రమే పెట్టాలని మొన్న స్త్రీల సమాజంలో నేను ప్రతిపాదించాను. చేతులెత్తమంటే సరిగ్గా సగం సగం వచ్చాయి. వ్యతిరేకంగా అందరికన్నా ముందు చేయి ఎత్తింది మా అత్తయ్యే. సేమియా లేకపోతే పిల్లలెవరూ ప్రార్థనకు రారని ఆవిడ వాదన. విషయం వచ్చే నెల సమావేశానికి వాయిదా పడింది.