పెళ్లయ్యాక మొదటి దసరా: జనగామ నుంచి విజయనగరం దాకా

పెళ్లైన ఏడాది ఆడపిల్ల బతుకమ్మ పుట్టింట్లోనే ఆడాలి. మా జనగామ దిక్కు దీని మీద చర్చే ఉండదు. బతుకమ్మ మొదలయ్యే పెత్రామాస ముందు అన్నో తమ్ముడో వచ్చి తీసుకుపోతారు, ఆఖరి రోజైన సద్దుల నాటికి కొత్త అల్లుడు దిగుతాడు, దసరాకు బట్టలు పెట్టి ఇద్దరినీ సాగనంపుతారు. మా ఆయనది విజయనగరం. అక్కడ విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు ఊళ్లో చుట్టాలు లేని ఇల్లుండదు. కొత్త కోడలు వచ్చిన ఏడాది ఆమె లేకుండా సిరిమాను చూడటం ఆ ఇంటివాళ్ల ఊహకే అందదు. దానికితోడు అత్తయ్య నవరాత్రులకు కలశం పెడతారు. దశమి నాడు కొడుకూ కోడలూ పీటల మీద కూర్చుని హారతి తీసుకోవాలని పెళ్లిచూపుల నాడే అన్నారు.

ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. పెళ్లైన మొదటి పండుగలు ఎవరింట్లో అన్న ప్రశ్న దగ్గర చాలామంది కొత్త జంటలు నలిగిపోవడం నేను చూశాను. మా పెద్దక్క మొదటి దసరాకు వచ్చి, అత్తవారింటి నుంచి ఫోన్ రాగానే సద్దుల రోజు సాయంత్రమే బస్సెక్కింది. ఆ రోజు అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తుంది. అందుకే జులై చివర్లోనే మా ఆయనా నేనూ గోడ మీది క్యాలెండర్ దించి ముందు పెట్టుకున్నాం.

2025లో విజయదశమి అక్టోబరు 2, గురువారం. సిరిమాను 7వ తేదీ మంగళవారం. దశమి ఏ వారం పడిందన్నదాన్ని బట్టి ఈ మధ్య రోజులు పెరుగుతాయి, తగ్గుతాయి. ఈసారి మా అదృష్టం, మధ్యలో శని, ఆదివారాలు పడ్డాయి. సద్దులు, దసరా మా ఇంట్లో. సిరిమాను ముందు రోజు జరిగే తొలేళ్లు, సిరిమాను వాళ్లింట్లో. కాగితం మీద రాసుకుంటే ఇంత సులువుగా ఉంది. దాన్ని రెండు ఇళ్ల చేత ఒప్పించడమే అసలు పని.

ఎవరి అమ్మానాన్నలతో వాళ్లే మాట్లాడాలని ముందే అనుకున్నాం. ఇది చాలా ముఖ్యమని నా నమ్మకం. దశమికి రావడం లేదన్న మాట కోడలి నోట వింటే అత్తయ్యకు అది కోడలి పంతంలా అనిపించేది. కొడుకే చెప్పాడు కాబట్టి కాసేపు మౌనంగా ఉండి, "సరే నాన్నా, సిరిమానుకైతే తప్పకుండా వచ్చీయండి" అన్నారు. దశమి పూజ సంగతికి ఆయనే దారి చూపించాడు: జనగామలో మా దేవుడి గదిలో ఇద్దరం పీటల మీద కూర్చుంటాం, అక్కడ ఆవిడ హారతి ఇస్తున్నప్పుడు వీడియో కాల్‌లో చూస్తాం. పిల్లలు దుబాయిలోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో ఇప్పుడు ఇది మామూలే కదా.

రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు. పండుగ రోజులకు మొదటి గంటలోనే బెర్తులు అయిపోతాయి. అందుకే ఆగస్టు మొదటివారంలో పొద్దున ఎనిమిదింటికల్లా ఇద్దరం చెరో ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. వరంగల్‌లో ఎక్కితే రైలు మారకుండా విజయనగరంలో దిగొచ్చని కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కే చేశాం. టికెట్లు చేతికొచ్చాక ఇక రెండు ఇళ్లలోనూ తేదీల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంకొకటి కూడా ముందే తేల్చుకోవాల్సి వచ్చింది. కొత్త అల్లుడికి దసరాకు ఉంగరం పెట్టాలని బాపు చిట్టి ఎత్తే ఆలోచనలో ఉన్నాడని అమ్మ నోట విన్నాను. మా ఆయన బాపుకు ఫోన్ చేసి, "బట్టలు పెట్టండి చాలు మావయ్యా, అవి కట్టుకునే సిరిమానుకు వెళ్తాను" అన్నాడు. బాపు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, తర్వాత మెత్తబడ్డాడు. అల్లుడి మర్యాదల పేరు మీద మన దగ్గర ఎంతమంది తండ్రులు అప్పు చేస్తున్నారో తెలిసిందే. ఆ మాట అల్లుడే అనాలి. కూతురు అంటే ఏ తండ్రీ వినడు.

సద్దుల రోజు తెల్లవారకముందే మా చిన్నాన్న, తమ్ముడు, మా ఆయన బండ్ల మీద పువ్వుకు వెళ్లారు. కొత్త అల్లుణ్ని మంచం దిగనివ్వరు మా ఊళ్లో. కానీ ఆయనే అడిగి వెళ్లాడు. తంగేడు గుట్ట కింద బాగానే దొరికింది. గునుగే కష్టమైంది. ఒకప్పుడు చేలల్లో కలుపులా విరగబూసేది. గడ్డిమందు కొట్టిన పత్తి చేలల్లో ఇప్పుడు దాని జాడ లేదు. చెరువు గట్టు వెంట, రోడ్డు పక్క బీడుల్లో ఏరుకుంటూ పొద్దెక్కాక వచ్చారు, ప్యాంట్లకు పల్లేరు కాయలు అంటించుకుని.

బతుకమ్మను పేర్చడం మా పెద్దమ్మ చేతిలో పని. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు చుట్టూ తంగేడు కట్టలు పెట్టి, మధ్యలో ఆకులూ తరిగిన కాడలూ నింపి అదిమింది. గునుగును గుప్పెడేసి తీసుకుని కాడలు సమానంగా కోసి దారంతో కట్టాలి, కొన్ని కట్టల కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ఆ కోసే పని మా ఆయనకు అప్పజెప్పింది పెద్దమ్మ. "కాడలు ఒక్క తీరుగ కొయ్యి బిడ్డా, ఒకటి పొడుగు ఒకటి పొట్టి ఉంటె వరుస ఒరుగుతది" అని దగ్గర కూర్చుని చూపించింది. తెల్ల వరుస, దాని మీద గులాబీ రంగు వరుస, ఆ పైన బంతి, చామంతి, పట్టుకుచ్చులు. వరుస వరుసకూ వలయం చిన్నదవుతూ పోయి చివర గుమ్మడిపువ్వు మీద పసుపు గౌరమ్మ. మధ్యాహ్నానికి నా నడుము ఎత్తు అయింది. మా ఆయన వేళ్లకు పూల రంగు, కాడల పసరు పట్టాయి. మా ఇంటి అల్లుడిని మా ఆడవాళ్లు పేరు పెట్టి పిలవరు గానీ, ఆ పూట నుంచి "అల్లుడా, గీ దారం అందియ్యి" అనడం మొదలైంది. నాకు అదే పండుగ.

సాయంత్రం చెరువు కట్ట కింద ఊరి ఆడవాళ్లంతా వలయాలు కట్టారు. చిన్నప్పటి నుంచీ ఆడిన ఆటే, కానీ ఈసారి పుస్తెలతో ఆడుతున్నానన్న ఎరుక ప్రతి చప్పట్లోనూ ఉంది. చీకటి పడ్డాక బతుకమ్మలను నీళ్లలోకి దించే వేళ, మోకాళ్లలోతు దిగి మా తాంబాళం ఒక అంచు మా ఆయన పట్టుకున్నాడు, ఇంకో అంచు తమ్ముడు. గౌరమ్మ పసుపు తీసి పెద్దమ్మ నా పుస్తెలకు రాసింది. ఆ తర్వాత వాయినాలు, సత్తుపిండి, మలీద ముద్దలు, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. ఎవరి డబ్బా ఎవరిదో తెలియకుండా అందరం అందరివీ తిన్నాం.

దసరా భోజనం దగ్గర ఒక చిక్కు ఉంది. మాకు దసరా అంటే యాట, అంటే మేక మాంసం. మా ఆయన వాళ్లింట్లో నవరాత్రులు దశమితో కలిపి నీసు ముట్టరు. "దసరనాడు కూర లేకుంటె గదేం దసర?" అని తాత ఆగస్టు నుంచే అంటున్నాడు. ఆయనను నొప్పించడమూ ఇష్టం లేదు, అల్లుడికి వేరే కంచం పెట్టి పక్కన కూర్చోబెట్టడమూ ఇష్టం లేదు. ఈసారి దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడటంతో మా ఊరి పెద్దలే మాట్లాడుకుని యాటను మర్నాడు కోయాలని అనుకున్నారు. దశమి నాడు పూర్ణాలు, గారెలు, పులిహోర. పొద్దున పీటల మీద కూర్చుని ఫోన్‌లో అత్తయ్య హారతి కళ్లకద్దుకున్నాం. సాయంత్రం జమ్మి దగ్గరికి వెళ్లొచ్చి పెద్దల చేతుల్లో బంగారమని జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాం. తాత మా ఆయనను అలాయ్‌బలాయ్ తీసుకుని చాలాసేపు వదల్లేదు. శుక్రవారం పొద్దున వాకిట్లో మాంసం పోగులు వేస్తుంటే మా ఆయన బాపు పక్కన కూర్చుని సంచులు పట్టాడు.

విజయనగరంలో నాది కొత్త కోడలి పాత్ర. వెళ్లేసరికి ఇంట్లో పడుకోవడానికి చాప పరిచే చోటు లేదు. శ్రీకాకుళం, సాలూరు, విశాఖ నుంచి ఆడపడుచులు, మేనత్తలు, వాళ్ల పిల్లలు. "ఏటమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?" అని ప్రతి ఒక్కరూ అడిగారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు గానీ, నేను నేరుగా వంటింట్లోకి వెళ్లి చిన్నత్తగారి పక్కన అరటికాయలు చెక్కు తీయడానికి కూర్చున్నాను. మా ఆయన గునుగు కాడల దగ్గర చేసిన పనే అది. ఆవ ఎప్పుడు కలపాలో, పొయ్యి దించాకే ఎందుకు కలపాలో ఆవిడ చెబుతూ నా చేతే కలిపించారు. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుందట.

సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి కోట దగ్గర పూజారి రైతులకు విత్తనాలు ఇస్తారు. మావయ్య తెచ్చిన గింజలను అత్తయ్య నా చేత బియ్యం డబ్బాలో వేయించారు. మంగళవారం మధ్యాహ్నం నుంచే మూడు లాంతర్ల వైపు అడుగు పెట్టే సందు లేదు. మేము ఒక బంధువుల మేడ మీద నిలబడ్డాం. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వెళ్లాయి. ఆ వెనక సిరిమాను. నిడుపాటి చింతమాను, దాని కొసన ఆకాశంలో కుర్చీ, అందులో అమ్మవారి రూపంగా పూజారి. మాను మా ఎదుటికి రాగానే అత్తయ్య నా చేతిలో అరటిపళ్లు పెట్టి, "విసురమ్మా, గట్టిగా విసురు" అన్నారు. చుట్టూ వేల చేతులు విసురుతున్నాయి.

మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తుంది. పైడితల్లి పూసపాటి రాజుల ఆడపడుచు అని, 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న విజయరామరాజు మరణవార్త విని ప్రాణం విడిచిందని, పెద్ద చెరువులో విగ్రహమై దొరికిందని ఇక్కడివాళ్ల నమ్మకం. "కోటకి వెళ్లడమంటే పుట్టింటికి వెళ్లడమేనమ్మా" అన్నారు చిన్నత్తగారు. వారం కిందటే నేను గౌరమ్మను పుట్టింటి నుంచి అత్తింటికి సాగనంపి వచ్చాను. ఇక్కడ అమ్మవారు పుట్టింటికి వెళ్తోంది. నాకు కళ్లు చెమర్చాయి. అత్తయ్య చూశారు, ఏమీ అడగకుండా నా చెయ్యి పట్టుకున్నారు.

దీపావళి మాత్రం ఎవరింటికీ వెళ్లలేదు. అక్టోబరు 20న హైదరాబాద్‌లో మా అద్దె ఇంట్లోనే దీపాలు పెట్టుకున్నాం. ఇది కూడా జులైలోనే రెండు ఇళ్లకూ చెప్పేశాం, కాబట్టి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

2026లో అధిక జ్యేష్ఠం రావడంతో పండుగలు బాగా ఆలస్యమయ్యాయి. ఆగస్టులో మళ్లీ టికెట్ల కోసం కూర్చోవాలి, ఈసారి నాలుగు బెర్తులు. కలశం బాధ్యత ఈ ఏడాదికి చిన్నత్తగారికి అప్పగించి అత్తయ్య, మావయ్య సద్దులకు మా ఊరు వస్తామన్నారు. పెద్దమ్మ అప్పుడే అడుగుతోంది, వియ్యపురాలికి గునుగు కట్టడం వచ్చా అని.