జూన్ 4, ట్రోయీజీ నసుగుడు

ఇవాళ ఇటాలియన్ హాస్యనటుడు, దర్శకుడు మాస్సిమో ట్రోయీజీ పోయిన రోజు. 1994లో ఇదే తేదీన, 41 ఏళ్లకే. అప్పటికి తన చివరి సినిమా ‘ఇల్ పోస్టీనో’ (పోస్ట్‌మాన్) షూటింగ్ ముగిసి పూర్తిగా ఒక రోజైనా గడవలేదు. సెలవు కాబట్టి మూడు సినిమాలు, తీసిన వరసలోనే.

పొద్దున ‘రికొమించో దా త్రె’ (1981). నేపుల్స్ పక్కనున్న శాన్ జోర్జో ఆ క్రెమానోలో పుట్టి, లెల్లో అరేనా, ఎన్‌జో దెకారోలతో ‘లా స్మోర్ఫియా’ పేరుతో హాస్య నాటికలు ఆడినవాడు దర్శకుడిగా తీసిన మొదటి సినిమా. గయెతానో (ట్రోయీజీయే) నేపుల్స్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్తాడు. కనబడ్డవాళ్లంతా పని కోసం వలస వచ్చావా అని అడుగుతారు. ఊరికే తిరగడానికి వచ్చానంటే ఒక్కరూ నమ్మరు. నేపుల్స్‌వాడికి తిరిగే హక్కు కూడా లేదన్నమాట! పుట్టబోయే బిడ్డకు మాస్సిమిలియానో అని పేరు పెడదామంటే గయెతానోకు బెంగ. అంత పొడుగు పేరు తల్లి పిలిచి ముగించేలోపు పిల్లాడు పరిగెత్తిపోతాడు, చెప్పిన మాట వినకుండా తయారవుతాడు. ఊగో అంటే అక్కడికక్కడే ఆగుతాడు. పిల్లల్ని కేకేసి పిలిచే ఇల్లు ఏ భాషదైనా ఈ సీను అర్థమవుతుంది.

చిక్కల్లా సబ్‌టైటిల్స్‌తోనే. ట్రోయీజీ నేపుల్స్ యాసలో నసుగుతాడు. వాక్యం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తాడు, మళ్లీ మొదటికొస్తాడు, మిగతాది చేత్తో చెప్తాడు. కింద మాత్రం పూర్తి వాక్యం ముందే పడిపోతుంది, నవ్వు అక్కడే చచ్చిపోతుంది. సీను ఒకసారి సబ్‌టైటిల్స్‌తో చూసి, అయిదు నిమిషాలు వెనక్కి జరిపి, అవి తీసేసి మళ్లీ చూడాలి. డబ్బింగ్ జోలికి అసలు పోకూడదు.

మధ్యాహ్నం ‘నాన్ చి రెస్తా కె ప్యాంజెరె’ (1984), మరో ఇటాలియన్ హాస్యనటుడు రొబెర్తో బెనీనీతో కలిసి తీసి, కలిసి నటించినది. ఒక బడిపంతులు, ఒక బడి ప్యూను రైల్వే గేటు దగ్గర ఇరుక్కుని రాత్రి ఎక్కడో తలదాచుకుంటే, తెల్లారేసరికి 1492. లియొనార్దో డా విన్చీకి రైలు గురించి చెప్పబోతే నోరు తిరగదు. బెనీనీ పరిగెడతాడు, ట్రోయీజీ ఆగుతాడు. ఒకేసారి ఇద్దరినీ చూడలేం, కాబట్టి రెండోసారి ట్రోయీజీ మొహమే చూడాలి.

రాత్రి ‘ఇల్ పోస్టీనో’, మైకెల్ రాడ్‌ఫర్డ్ దర్శకత్వం, ప్రోచిదా, సలీనా దీవుల్లో షూటింగ్. ఇందులో ట్రోయీజీ ఒక దీవిలో పోస్ట్‌మాన్, అక్కడ ఉంటున్న చిలీ కవి పాబ్లో నెరూదాకు ఉత్తరాలు చేరవేస్తాడు. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం ట్రోయీజీ గుండె కవాటాలను పాడుచేసింది. 1976లో హ్యూస్టన్‌లో ఆపరేషన్ అయింది. సినిమా నాటికి గుండె మార్పిడి అవసరమై ఉన్నా, ముందు షూటింగ్ అన్నాడు. రోజుకు కాసేపే పని చేయగలిగేవాడు. అందుకే దగ్గరి షాట్లలో ఎక్కువగా కూర్చునే ఉంటాడు, దూరం నుంచి, వెనక నుంచి కనబడేది చాలా చోట్ల డూపే. ఇది తెలిసి చూస్తే ఆ నెమ్మది నటనో నీరసమో విడదీయలేం. 1996 ఆస్కార్‌లకు అయిదు నామినేషన్లు, అందులో రెండు అతనికే, నటనకూ రచనకూ. గెలిచింది మాత్రం లూయిస్ బకలోవ్ సంగీతం.

చివర్లో పోస్ట్‌మాన్ నెరూదా కోసం దీవి శబ్దాలు టేపులో రికార్డు చేస్తాడు. అలలు, గాలి, నాన్న వలలు, గుడి గంట. చివరిది, ఎనిమిదోది, తల్లి కడుపులో బిడ్డ గుండె చప్పుడు. మైకు పొట్టకు ఆనించి, ఊపిరి బిగబట్టి వింటాడు.